ఓరుగంటి బాటసారి – పరదేశపు రొక్కము

వేసవి సెలవులు సమీపించునప్పటికి ఓరుగల్లు, హనుమకొండ, కాజీపేట వీథులలో నొక దృశ్యము తఱచుగ గానవచ్చును. ఇంటిముందు బండి నిలిచియుండును. సకినాలును, ఆవకాయయు భద్రముగ సర్దిన పెట్టెలు ఒక్కొక్కటిగ బండి కెక్కుచుండును. అమెరికాలోనున్న కుమార్తె పురుటికై తల్లి పయనమగుచుండును. లేదా పై చదువులకై కుమారుడు, కూలికై గల్ఫు దేశములకు తమ్ముడు, హజ్ యాత్రకై వృద్ధ దంపతులు పయనమగుచుందురు. ప్రతి వస్తువును నాలుగు నెలలనుండి జ్ఞప్తియందుంచుకొన్న ఆ యింటివారు చిట్టచివర జ్ఞప్తికి దెచ్చుకొనున దొక్కటి కలదు: అక్కడి పైకము. అంతట ఒకరు శంషాబాదు విమానాశ్రయములో దొరకుననియు, ఒకరు హైదరాబాదునకు పోనిదే పని గాదనియు, వేఱొకరు తమకు తెలిసినవాని యొద్ద రసీదు లేకయే నాలుగు రూపాయలు చౌకగా లభించుననియు చెప్పుదురు. తుదకు ఆ మూడవవాని మాటయే నెగ్గును. చీటి లేని నోట్లు చీరకొంగున ముడిపడును.

ఇది యింటి విషయమేకాని పత్రికల విషయము గాదని కొందఱు తలంపవచ్చును. మేమట్లు తలంపము. పరదేశ ద్రవ్యమును కొనుట నేడు ప్రతి భారత పౌరునకును చట్టమిచ్చిన హక్కు. అది ఒకరి దయ గాదు. చాటున జరుపవలసిన నేరమును గాదు. కాని యెఱుగనివాని హక్కు తాళము తెలియని పెట్టెలోని బంగారము వంటిది. చట్టము మారి పాతిక సంవత్సరములు గడచినను, మన పట్టణవాసి యింకను పాత భయముతోడనే బ్యాంకు మెట్లెక్కుచున్నాడు. లేక ఎక్కకయే మరలుచున్నాడు. ఆ భయమును, ఆ యజ్ఞానమును మూలధనముగ జేసికొని వర్తకము సలుపువారు కలరు. కావున ఈ విషయమును మన పఠనాలయములలో విప్పి చర్చింపవలసియున్నది.

ద్రవ్యము మార్చుకొనుట మన యోరుగంటివారికి క్రొత్త విద్య గాదు. మన తాతలు పరదేశ ద్రవ్యము కొఱకు సముద్రము దాటనక్కఱ లేకుండెను. బెజవాడకు రైలెక్కిన జాలును. నిజాము రాజ్యమున చెల్లునది హాలీ సిక్కా. ఎల్ల దాటిన వెంటనే చెల్లునది కల్దారు రూపాయి. నూరు కల్దారు రూపాయలకు 116 రూపాయల 10 అణాల 8 పైలు హాలీ అని వాడుకలోనున్న లెక్క; అనగా 7 హాలీ రూపాయలకు 6 కల్దారు రూపాయలు. హైదరాబాదు రాజ్యము 1918 నుండి స్వంత కాగితపు నోట్లను గూడ వెలువరించెను. పంట నమ్మ బోయిన రైతును, తీర్థయాత్రకు బోయిన వితంతువును, చదువుకై బోయిన బాలుడును షరాబు ముందు నిలిచి తమ రూపాయిని మార్చుకొనవలసినవారే. లెక్క తెలిసినవాడు వట్టము పోను తన కెంత రావలెనో ముందే వేళ్లపై లెక్కించుకొని పుచ్చుకొనెను. తెలియనివాడు అణాలు పోగొట్టుకొని, పోయినట్లు గూడ నెఱుగక పోయెను. వందేమాతర ఉద్యమమునందు 1938-39 లో చదువు విడువవలసివచ్చి నాగపురము జేరిన హైదరాబాదు రాజ్య విద్యార్థులు కలరు. ఇంటినుండి తెచ్చుకొన్న హాలీ రూపాయి కల్దారుగ మాఱిననేగాని అచ్చట వారికి పూటకూడు దొరకదు. ఆ విద్యార్థులలో నొకరి పేరు ఈ వ్యాసమున మరల వచ్చును.

అంతకంటె విచిత్రమైన కాలమును గూడ మన పెద్దలు చూచిరి. 1947 నవంబరు 29 న భారత ప్రభుత్వముతో యథాతథపు టొడంబడిక చేసికొన్న కొలది వారములకే నిజాము ప్రభుత్వము భారత రూపాయి తమ రాజ్యములో చెల్లదని శాసనము చేసెను. స్వతంత్ర భారతము నాణెము భారతభూమి నడిబొడ్డుననున్న ఓరుగల్లులో పరదేశ ద్రవ్య మయ్యెను! 1948 సెప్టెంబరు 13 నుండి 17 వఱకు జరిగిన సైనిక చర్యతో ఆ రాజ్యము భారతములో గలిసెను. 1950 లో భారత రూపాయి హాలీతోపాటు చెలామణికి వచ్చెను. 1951 లో హాలీ ముద్రణ నిలిచెను. 1959 లో హాలీ పూర్తిగ రద్దయ్యెను. జాతీయ స్వాతంత్ర్యమన నేమో మన జిల్లా రైతుకు తెలిపిన గుర్తులలో నిది యొకటి: బెజవాడ స్టేషనులో షరాబు ముందు చేయి చాపనక్కఱ లేకపోయెను. పైకము చెల్లుబడి యనునది కేవలము వర్తకుని లెక్క గాదనియు, అది మనుష్యుని గౌరవమునకు సంబంధించినదనియు ఈ కథ చెప్పుచున్నది.

ఇంకను వెనుకకు బోయినచో ఓరుగంటి సింహాసనమునుండియే వెలువడిన యొక మహాశాసనము కనబడును. కాకతీయ గణపతిదేవ చక్రవర్తి 1244-45 ప్రాంతమున మోటుపల్లి రేవునందు అభయశాసనము వేయించెను. అంతకుముందు తుపానులో చిక్కి తీరమునకు గొట్టుకొనివచ్చిన ఓడల సరకును రాజులు బలవంతముగ గైకొనుచుండిరి. గణపతిదేవు డా యాచారమును మాన్పి, నిర్ణీతమైన సుంకము తప్ప మఱేమియు గైకొనబోనని దేశాంతర వర్తకులకు మాటయిచ్చెను. ఎగుమతి దిగుమతులపై సుంకము ముప్పదింట నొక వంతు. ఏ సరకున కెంత యీయవలెనో ఱాతిపై జెక్కించి అందఱు చూచుచోట నిలిపెను. ధర్మ మంతయు అందున్నది. ఎంత పుచ్చుకొందువో ముందు చెప్పుము, చెప్పినది వ్రాయుము, వ్రాసినది అందఱకు గనబడునట్లు నిలుపుము, దానికి మించి పుచ్చుకొనకుము. ఎనిమిది వందల సంవత్సరములనాడు పరదేశి నావికునకు మన రాజిచ్చిన ఆ భరోసా, నేడు స్వదేశములో మన తల్లులకు లభించుచున్నదా యనునదే మా ప్రశ్న.

స్వాతంత్ర్యము వచ్చిన పిదప చాలకాలము పరదేశ ద్రవ్యము మనకు గొప్ప కఱవు వస్తువుగ నుండెను. 1947 లో నొక చట్టమును, 1973 లో అంతకంటె కఠినమైన వేఱొక చట్టమును దానిని కాపాడుటకై యేర్పడెను. అనుమతి లేక నాలుగు డాలర్లుంచుకొనుటయు నేరమే. జేబులో ఎనిమిది డాలర్లు మాత్రమే యుంచుకొని చదువులకై అమెరికా విమానమెక్కినవారి ముచ్చటలు ఆ తరము వారింట నేటికిని వినవచ్చును. 1959 లో శంకుస్థాపన జరిగిన మన ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలనుండి బయలుదేరిన తొలి తరములవారికి ఆ యిబ్బంది యెట్టిదో చెప్పనక్కఱ లేదు. దిగినచోట ఎవరైన నెదురు రాకున్న ఆ రాత్రి భోజన మెట్లని యాలోచించుచు ప్రయాణము చేసినవా రెందఱో! ఆ కఱవు దినములలోనే చీటి లేని వర్తకము పుట్టినది. చట్ట మీయనిదానిని చాటువర్తకు డిచ్చెను. అలవాటు తాతలనుండి వచ్చినది. అవసరము తీరినను అలవాటు తీరలేదు.

ఆ కఱవు 1991 లో పరాకాష్ఠ నందెను. మన దేశముకడ నున్న పరదేశ ద్రవ్యము రెండు మూడు వారముల దిగుమతులకు మాత్రమే సరిపోవు స్థితి వచ్చెను. ఆ జూలై నెలలో రిజర్వు బ్యాంకు సుమారు 47 టన్నుల బంగారమును ఇంగ్లండు, జపాను దేశముల కేంద్ర బ్యాంకులయొద్ద కుదువబెట్టి 40 కోట్ల డాలర్ల యప్పు తెచ్చెను. ఇంటి యిల్లాలి మంగళసూత్రము తాకట్టు పెట్టినట్లే ఆనాడు దేశప్రజ తలవంచుకొన్నది. అప్పుడు ప్రధానమంత్రి పీఠమున నున్నవారు మన నర్సంపేట దగ్గఱి లక్నెపల్లిలో 1921 లో జన్మించిన పాములపర్తి వేంకట నరసింహారావుగారు; నాగపురము జేరిన విద్యార్థులలో నొకరని పైన సూచించినవారు వారే. వారును, ఆర్థికమంత్రి మన్‌మోహన్ సింగుగారును నాడు మొదలిడిన సంస్కరణల ఫలముగ 1994 ఆగస్టులో ప్రయాణము, విద్య, వైద్యము మొదలగు చెల్లింపులకు రూపాయి పరదేశ ద్రవ్యముగ మాఱుటకు స్వేచ్ఛ కలిగెను. 1999 నాటి క్రొత్త చట్టము 2000 జూన్ 1 నుండి అమలులోనికి వచ్చి, పూర్వపు నేరచట్టమును తొలగించెను. 2004 ఫిబ్రవరిలో రిజర్వు బ్యాంకు ఉదార పథకమును ప్రకటించి, ఒక్కొక్కరు సంవత్సరమునకు 25,000 డాలర్లు పంపవచ్చుననెను; అది క్రమముగ పెరిగి 2015 నుండి 2,50,000 డాలర్లయ్యెను. 2024 సెప్టెంబరు చివర దేశపు నిలువ 70,000 కోట్ల డాలర్లను దాటెను. ఎనిమిది డాలర్ల కాలమెక్కడ, ఈ కాలమెక్కడ!

ఇక చట్ట మేమనుచున్నదో సాధారణ పాఠకునకు తెలియునట్లు చెప్పుదుము. నేపాలము, భూటానములు తప్ప ఏ దేశమునకు స్వంత పనిపై పోవు పౌరుడైనను ఆ వార్షిక పరిమితికి లోబడి, తన యవసరమును తానే వ్రాసియిచ్చి, అధికృత బ్యాంకునుండియో, రిజర్వు బ్యాంకు అనుమతిపత్రముగల మారకపు వర్తకునినుండియో పరదేశ ద్రవ్యము కొనవచ్చును. పాసుపోర్టు, ప్రయాణపు టిక్కెట్టు, వీసా, పాన్ కార్డు చూపవలసియుండును. నోట్లరూపమున ఒక ప్రయాణమునకు 3,000 డాలర్ల విలువకు మించి యీయరు. మిగిలినది కార్డులోనో, బ్యాంకు ద్వారమునో తీసికొనవలెను. హజ్, ఉమ్రా యాత్రికులకును, కొన్ని దేశములకు పోవువారికిని ఈ నోట్ల పరిమితిలో సడలింపు కలదు. 50,000 రూపాయలకు మించిన కొనుగోలుకు రొక్కము చెల్లదు. చెక్కు, కార్డు లేక బ్యాంకు ఖాతానుండియే చెల్లింపవలెను. ప్రయాణమునకు 60 దినములు ముందుగనే కొనవచ్చును. తిరిగివచ్చిన పిదప మిగిలిన నోట్లను 180 దినములలో మరల అమ్మవలెను. 2,000 డాలర్ల వఱకు మాత్రము తనయొద్ద నుంచుకొనవచ్చును. మన రూపాయలను 25,000 వఱకు వెంట గొనిపోవచ్చును.

ఇందు భయపడవలసినదేమి? దాచవలసినదేమి? రేషనుకార్డున కింతకంటె నెక్కువ కాగితములు చూపుచున్నాముగదా! పెద్ద మొత్తములు పంపువారికి మాత్రము వేఱొక సంగతి తెలిసియుండవలెను. 2025 ఏప్రిల్ 1 నుండి ఒక సంవత్సరమున పంపిన సొమ్ము 10 లక్షల రూపాయలు దాటినచో ఆ మించిన భాగముపై బ్యాంకువారు ముందుగనే ఆదాయపు పన్ను వసూలు చేయుదురు. అంతకుముందు ఆ పరిమితి 7 లక్షలు. ఇది పోయిన సొమ్ము గాదు. సంవత్సరాంతమున పన్ను పత్రము దాఖలు చేసినచో లెక్కలో కలియును, లేక తిరిగివచ్చును. పత్రము దాఖలు చేయనివాడే దానిని పోగొట్టుకొనును.

ఇక నష్టమెచ్చట గలుగుచున్నదో చూతము. లెక్క సులభమగుటకై డాలరు అసలు మారకపు ధర 90 రూపాయలను కొందము. ఒక తల్లి 3,000 డాలర్లు కొనవలెను. అసలు ధరకు 2,70,000 రూపాయలు. ఒక బ్యాంకువారు 91 రూపాయల చొప్పున నిచ్చిరనుడు, 2,73,000 అగును. తొందరలో చివరి గడియలో వేఱొకచోట 95 రూపాయల చొప్పున గొన్నదనుడు, 2,85,000 అగును. ఇద్దరు నిచ్చినవి అవే నోట్లు. ఆ ముఖములే, ఆ యంకెలే. కాని మధ్య నున్న భేదము 12,000 రూపాయలు! తిరిగివచ్చి మిగిలిన 500 డాలర్లు 86 రూపాయల చొప్పున నమ్మినచో మఱి 2,000 పోయెను. ఎవడును ఆమె సంచి కోయలేదు. ఎవడును తుపాకి చూపలేదు. ఆమెయే నవ్వుచు లెక్కపెట్టి యిచ్చి, నమస్కరించి వచ్చినది.

ఆ భేద మేమిటని యడిగినచో కొందఱు "పన్నులమ్మా" యని సమాధానము చెప్పుదురు. పాఠకులు గమనింతురుగాక. ద్రవ్యమును మార్చు సేవపై సరకుల, సేవల పన్ను కలదు, నిజమే. అది మారిన మొత్తమంతటిపై పడదు. సాధారణముగ నవలంబించు పట్టిక ప్రకారము లక్ష రూపాయల వఱకు నూటికి రూపాయి, అటుపై పది లక్షల వఱకు నూటికి అర్ధరూపాయి చొప్పున సేవ విలువ కట్టి, ఆ విలువపై 18 వంతుల పన్ను వేయుదురు. 2,73,000 రూపాయలకు సేవ విలువ 1,865 రూపాయలు; దానిపై పన్ను 336 రూపాయలు. పండ్రెండు వేలకును, మూడు వందల ముప్పదియాఱునకును గల దూరమే ఎఱిగినవానికిని ఎఱుగనివానికిని గల దూరము. సర్కారు పేరు చెప్పి వట్టము పెంచుకొనువాడు సర్కారును, ప్రయాణికుని ఇరువురిని మోసగించుచున్నాడు.

పరదేశమునకు బోయిన పిదపను జాగరూకత వలయును. దుకాణములో కార్డు చూపగానే యంత్రము "రూపాయలలో చెల్లింతురా?" యని మన భాషలో పలుకరించినట్లు అడుగును. స్వదేశ నాణెము పేరు చూచి మన మనస్సు కరగును. అది మాయ. ఆ దేశపు నాణెములోనే చెల్లించుట మేలు. రూపాయలని చెప్పినచో మారకపు ధరను నిర్ణయించువాడు ఆ దుకాణము తరపువాడు. వాని వట్టము సామాన్యముగ మన బ్యాంకు వట్టముకంటె నెక్కువ. స్వదేశాభిమానమును జూపవలసిన చోట్లు వేఱుగ నున్నవి.

ఇక చీటి లేని వర్తకమును గూర్చి మొగమోటము లేక చెప్పవలసియున్నది. అందు నాలుగు రూపాయలు చౌక యనునది పైకి గనబడు మాట. ఆ నోటు దొంగనోటైనచో ఎవరి నడుగుదుము? పరాయి విమానాశ్రయమున అధికారి పట్టుకొన్నప్పుడు రసీదు లేనివాని మాట వినువా డెవడు? చట్టమును మీఱిన సొమ్మునకు మూడు రెట్ల వఱకు దండుగ విధించు నధికారము 1999 నాటి చట్టమందు గలదు. పోయిన పరువు దండుగతో తిరిగిరాదు. వ్యక్తి నష్టమటుండనిండు. హవాలా దారిలో బోవు ప్రతి రూపాయియు దేశపు లెక్క తప్పించుకొన్న రూపాయియే. 1991 లో మన బంగారము విమానముల కెక్కినప్పుడు సిగ్గుపడినవారము, నేడు నాలుగు రూపాయల కొఱకు ఆ దారినే పోషించుట యే పాటి దేశభక్తి? తెలియక చేయు వృద్ధురాలిని మేము నిందింపము. తెలిసియు దానిని వృత్తిగ జేసికొన్నవారిని, వారియొద్దకు దారి చూపు చదువుకొన్న బంధువులను నిందించుచున్నాము.

ఇచ్చట నొక యాక్షేపణ వినవచ్చును. "పేదదేశములో డాలర్లు కొని విదేశ యాత్రలు చేయుటయే దేశద్రోహము గదా, దానికి మీరు సౌకర్యములు కోరుచున్నారేమి?" యని కొందఱు పెద్దలు పలుకుదురు. వారి యుద్దేశము మంచిదే. 2023-24 సంవత్సరమున ఈ ఉదార పథకము క్రింద దేశమునుండి 3,170 కోట్ల డాలర్లు బయటికి బోగా, అందు సగమునకు మించి, 1,700 కోట్లు, ప్రయాణములకే పోయెను. అది చిన్న మొత్తము గాదు. కాని త్రాసునకు రెండవ తట్ట గూడ కలదు. ప్రపంచ బ్యాంకు అంచనా ప్రకారము 2024 లో ప్రవాస భారతీయులు స్వదేశమునకు పంపిన ధనము 12,900 కోట్ల డాలర్లు. ఎడారి యెండలో ఇటుకలు మోసిన తెలంగాణ కూలివాని చెమటయు, రాత్రింబవళ్లు యంత్రములముందు గూర్చున్న మన విద్యార్థుల శ్రమయు అందున్నవి. ఆ ధనము నార్జించినవారి తల్లి వారిని జూడబోవుటకు మూడువేల డాలర్లు కొనుట ద్రోహమెట్లగును? విలాసమును మేము సమర్థింపము; అప్పుచేసి విహారము చేయువానికి మా హితవు వేఱుగ నుండును. కాని హక్కును వినియోగించుకొనువానికి లెక్క సరిగ చెప్పుడనుట విలాసమునకు మద్దతు గాదు, న్యాయమునకు మద్దతు.

కావున మేము కోరునది కొంచెము, కాని స్పష్టము. మొదటిది: ఓరుగల్లు, హనుమకొండ, కాజీపేటలలో పరదేశ ద్రవ్యము నమ్ము ప్రతి బ్యాంకును, ప్రతి మారకపు వర్తకుడును ఆనాటి ధరల పట్టికను వాకిటిలో తెలుగున వ్రాసి కట్టవలెను. మారకపు వర్తకులు ధరలను ప్రజలకు గనబడునట్లు ప్రదర్శింపవలెనని రిజర్వు బ్యాంకు నియమ మిదివఱకే కలదు. మేము దానికి చేర్చు మాట యొక్కటే: "అన్ని ఖర్చులతో గూడ నూరు డాలర్లకు మీ చేతినుండి పోవు రూపాయ లివి" యని ఒకే యంకె వేయుడు. డాలరుకు ధర ఒకచోట, సేవాశుల్క మొకచోట, పన్ను వేఱొకచోట వ్రాసినచో చదువుకొన్నవాడును తికమకపడును. ఒకే యంకె యున్నచో అక్షరములు వచ్చిన పిల్లవాడును రెండు దుకాణములను పోల్చి చెప్పగలడు. మోటుపల్లి ఱాతికంబము మన కీపాటి నేర్పలేదా?

రెండవది: ఏ బ్యాంకు శాఖయైనను "ఇది మా పని గాదు, హైదరాబాదు పొండు" అని వృద్ధులను త్రిప్పి పంపరాదు. ప్రతి శాఖలో డాలర్లు నిలువ యుండవలెనని మేమనము. కాని అర్జీ పుచ్చుకొని, ఫలానా దినమున ఫలానా శాఖలో లభించునని వ్రాసియిచ్చుట వారి ధర్మము. అట్లు చేయని బ్యాంకుపై ముందు ఆ బ్యాంకునకే వ్రాతమూలకముగ ఫిర్యాదు చేయవలెను. 30 దినములలో తగిన సమాధానము రానిచో రిజర్వు బ్యాంకు నియమించిన అంబుడ్స్‌మనునకు వ్రాయవచ్చును. రుసుము లేదు; న్యాయవాది యక్కఱ లేదు. మనవారు కచేరి వసారాలో గొణుగుట యెఱుగుదురు గాని కాగితముపై నాలుగు పంక్తులు వ్రాయుట యెఱుగరు. గొణుగుడు గాలిలో గలియును. వ్రాసినది దస్త్రములో నిలుచును. ఇదిగాక, 2019 ఆగస్టునుండి సాధారణ ఖాతాదారులును బ్యాంకు ద్వారా పారదర్శకమైన ధరకు డాలరు కొనుటకై ఎఫ్‌ఎక్స్-రిటైల్ అను వేదిక యొకటి యేర్పడియున్నది. మీ బ్యాంకువారిని దానిని గూర్చి యడుగుడు. అడిగినవారు పెరిగినకొలది చెప్పువారు పెరుగుదురు.

మూడవది ప్రయాణికుని వంతు. కనీసము పదునైదు దినములు ముందు కదలుడు. తొందరపడువానికే వట్ట మెక్కువ. మూడు చోట్ల ధర యడుగుడు. మొత్తమంతయు నోట్లుగ తీసికొనక కొంత కార్డులో నుంచుడు. రసీదు పుచ్చుకొని పాసుపోర్టుతో భద్రపఱచుడు. తిరిగివచ్చి మిగిలినవి అమ్మునప్పుడును అది పనికివచ్చును. అమెరికాకు పోవువారు 10,000 డాలర్లకు మించిన రొక్కము కొనిపోయినచో అచ్చట వ్రాసి తెలుపవలెను. మన దేశమునకు తిరిగివచ్చునప్పుడు పరదేశపు నోట్లు 5,000 డాలర్ల విలువకు మించినచో సుంకాధికారులకు తెలుపవలెను. తెలిపినందువలన నేరము లేదు, తెలుపకపోవుటయే నేరము.

నాలుగవది మన పఠనాలయముల వంతు. హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయము 1904 లో స్థాపింపబడినప్పుడు తెలుగు పత్రిక చదువుటయే సాహస కార్యముగ నుండెను. ఆనాటివారు దీపపు వెలుతురులో వార్తలు బిగ్గరగ చదివి వినిపించి, అక్షరము రానివారికి గూడ లోకజ్ఞానము గల్పించిరి. ఆ తరమువారు మనకు హక్కులు సంపాదించిపెట్టిరి. ఆ హక్కుల నెట్లు వినియోగించుకొనవలెనో చెప్పుట ఈ తరమువారి వంతు. వేసవి యారంభమున నొక సాయంకాలము ప్రతి గ్రంథాలయము ఈ విషయమున కేటాయించునుగాక. బ్యాంకులో పనిచేసి విశ్రాంతి దీసికొన్న పెద్ద లీ నగరమున ఎందఱో కలరు. వారిలో నొకరు వచ్చి గంటసేపు చెప్పినచో జాలును. నల్లబల్లపై 3,000 డాలర్ల లెక్క నొకమాఱు వేసి చూపినచో ఒక్కొక్క కుటుంబమునకు వేలకొలది రూపాయలు మిగులును. ధర్మసత్రము కట్టించుటవంటి పుణ్యమే యిదియును.

హాలీ సిక్కాను కల్దారుగ మార్చుకొను దినములలో మన తాతకు చట్టము తోడు లేదు; రాజు తోడు లేడు; తన వ్రేళ్లపై లెక్కయే తోడు. నేడు చట్టము తోడున్నది, బ్యాంకున్నది, ఫిర్యాదు వినువాడున్నాడు. ఆ లెక్క మాత్రము మనము మఱచితిమి. దానిని మరల నేర్చుకొందము. కుమార్తె పురుటికై సముద్రములు దాటు ఓరుగంటి తల్లి చీరకొంగున చీటి లేని నోట్లను ముడివేసికొని గుండె దడదడలాడుచు గాక, చేతిసంచిలో రసీదుతో, తలయెత్తి, స్వతంత్ర దేశపు పౌరురాలివలె విమానమెక్కునుగాక!